ఆరో నెంబరు చొక్కా

మ్యాచ్ నేను చూడను,
ఉతుకుతాను.

పెరియమేడు స్టేడియంలో మెట్ల అడుగున కిటికీ లేని గది.
రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నేను.
పైన అన్ని వేల కాళ్ళూ ఒక్కసారి తొక్కితే
సున్నం రాలి సబ్బుపొడి డబ్బాలో పడుతుంది.
గోల్ పడిందని నాకు అట్లా తెలుస్తుంది.
ఎవరు వేశారో అడగను.
రాత్రి పదకొండుకి బుట్టలు దిగాక
ఎవరు ఆడారో మాత్రం నాకే తెలుస్తుంది.

పది నెంబరు చొక్కా
పెళ్ళికి వేసుకెళ్ళి విప్పినట్టు వస్తుంది.
సెంటు వాసన, చంకల్లో కాస్త తడి.
ఒక్క నీళ్ళలో జాడించి తీస్తే చాలు.
తప్పు పట్టడం లేదు,
బంతి వచ్చే చోటు ముందే తెలిసి నిలబడటం కూడా ఒక విద్యే.

ఆరో నెంబరుది రాత్రంతా నానాలి.
ఎడమ మోచేతి దగ్గర పచ్చి గడ్డి పసరు,
మెడపట్టీ సాగిపోయింది, అవతలివాడు పట్టి లాగినంత మేర,
వీపు మీద ఎవడిదో బూటు.
మేకుల గుర్తులు లెక్కపెట్టాను, ఆరు.
మేజోడు తిరగేస్తే
పిడికెడు మైదానం.

లాల్‌దిన్‌పుయా. మిజోరం కుర్రాడు.
మూడేళ్ళయింది వచ్చి.
ఈ ఊళ్ళో ఆ పేరు పూర్తిగా పలికేది
నేనూ, జీతాల గుమాస్తా.

గేటు బయట ప్లాట్‌ఫారం మీద చొక్కాలమ్మే తంగమణిని
ఆరో నెంబరు ఉందా అని అడిగాను ఒకసారి.
"ఆరా? అదెవరక్కా?"
పది ఉంది, తొమ్మిది ఉంది,
పది నెంబరుతో ఉయ్యాల్లో పిల్లకి గౌను కూడా ఉంది.

ఇంకొకడున్నాడు, రెండో గోల్‌కీపరు షిహాబుద్దీన్.
వాడి చొక్కా మడత నలగకుండా వస్తుంది, ప్రతిసారీ.
ఇది ఉతకనక్కర్లేదు బాబూ అన్నాను.
"ఉతకండి చేచ్చీ" అన్నాడు,
నా వైపు కాకుండా మిషను వైపు చూస్తూ.
అప్పట్నించి అన్నిటికంటే ముందు
దాన్నే వేస్తాను.

కొరుక్కుపేటలో ఇంటికెళ్తే మరిది కొడుకు
ఫోన్లో గోల్ చూపిస్తాడు.
ఎన్నిసార్లు తిప్పినా అది
పది నెంబరు కాలి దగ్గరే మొదలవుతుంది.
కొంచెం వెనక్కి పోనీరా అంటాను.
"అంతకు ముందేముంది పెద్దమ్మా?"
అంతకు ముందుది
నా తొట్టిలో నానుతోంది.

ఈ ఏడు సీజనయ్యాక మేనేజరు కబురు:
ఆరో నెంబరు పేరు తీసెయ్యి,
కొత్తవాడొస్తున్నాడు, చొక్కాలు బాగానే ఉన్నాయిగా.

కాగితం వేసి పైన ఇస్త్రీ పెట్టె ఆనిస్తే
రబ్బరు అక్షరాలు మెత్తబడతాయి.
చివర పట్టి లాగితే లేస్తాయి, పుండు మీద పక్కులాగా.
ఇంగ్లీషు చదవలేను గాని
ఆ పేరు వరస నా చేతికి తెలుసు.
మొదటిది కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి,
మూడోదీ అట్లాంటిదే.
మొత్తం పది.

సగంలో ఉండగా వాడే వచ్చాడు, భుజాన సంచి.
గబుక్కున తువ్వాలు కప్పాను, బల్లమీద.
చూశాడో లేదో.
మూడేళ్ళలో వాడు నేర్చిన అరవం రెండే మాటలు:
"పోయిట్టు వరేన్."
వెళ్ళొస్తాననే.
మా భాషలోనూ అంతే,
వెళ్ళడాన్ని ఒట్టిగా అననివ్వరు,
రావడం ఒకటి తగిలించి పంపుతారు.
సరే నాయనా అన్నాను.
మోచెయ్యి ఎట్లా ఉంది అని అడగాలనుకున్నది
వాడు మెట్లెక్కాక గుర్తొచ్చింది.

అక్షరాలన్నీ వచ్చేశాయి.
వాటి కింద గుడ్డ మాత్రం,
డాబా మీద ఎండ తగలక,
కొన్ననాటి నీలంలోనే ఉంది.
రేపు కొత్త పేరు దాని మీదే అతికిస్తాను.
అది పొట్టి పేరట.
ఎడమ అంచున ఒకడు
కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంటాడు.